అక్క బావి కోసం తవ్విన సంపు

మా అక్క పాలకూర నల్లబడిన ఏడాది నాకింకా గుర్తుంది. గోదావరిఖని మార్కెట్‌లో ఆమె గంప ముందు ఒకామె ఆగి, ఒక కట్ట చేతిలోకి తీసుకుని, ఆకు మీద వేలు రాసి, ఆ వేలిని చూసుకుని, కట్టను మళ్ళీ గంపలో పెట్టి వెళ్ళిపోయిందట. ఒక్క మాట కూడా అనలేదట. తిట్టినా బాగుండేదని అక్క ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి చెప్పింది. చెప్పి నా మొహంలోకి చూసింది. ఆ మసి నేనే తెచ్చి పూశానేమో అన్నట్టుంది ఆ చూపు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక, చాయలో చక్కెర ఎక్కువైందని నా భార్య మీద అరిచాను.

అక్కకు మిగిలింది అరెకరం. మిగతా పొలమంతా బొగ్గు కోసం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గుంత కిందికి పోయింది. బావ జ్వరంతో పోయాడు, పిల్లలు లేరు. ఆ అరెకరంలో ఒక రాతితో కట్టిన బావి, దాని మీద ఒక చిన్న మోటారు, చుట్టూ పాలకూర, కొత్తిమీర, మెంతికూర మడులు. అవే ఆమె సంసారం. పొలం మా కాలనీకి దిగువన ఉంది. కాలనీకి ఎగువన బొగ్గు లారీల రోడ్డు. వాన పడితే రోడ్డు మీది బొగ్గుపొడి అంతా కడుక్కుని, మా క్వార్టర్ల వెనక మురికినీళ్ళ మోరీలో పడి, మోరీ తెగిన చోటి నుంచి నేరుగా అక్క బావిలోకి దిగేది. మొదటి వానకైతే బావిలో మొహం కూడా కనిపించేది కాదు.

బావి చెడితే ఆమెకు చేసుకోవడానికి పని లేదు, పోవడానికి మా రెండు గదుల క్వార్టరు తప్ప చోటు లేదు. రమ్మని నేను చాలాసార్లు పిలిచాను. "నా చేతి అన్నం తిని పోయినోళ్ళున్నరు తమ్మీ ఈ ఊళ్ళె. నేను ఇంకొకరి చెయ్యి దిక్కు జూసుకుంట ఎట్ల కూసుంట?" అనేది. ఇంకొకరంటే నేనే. ఆ మాట నాకు గుచ్చుకునేది గాని, ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

ఆఫీసులకు తిరిగాం. రోడ్డు ఒకరిది, లారీలు ఇంకొకరివి, మోరీ మరొకరిది అన్నారు. వాన మాత్రం ఎవరిదీ కాదని తేలింది. మూడోసారి వెళ్ళినప్పుడు అక్క ఒక నల్లటి పాలకూర కట్టను బల్ల మీద పెట్టి వచ్చింది. వాళ్ళు దాన్ని ఏం చేశారో తెలియదు.

నేను బొగ్గుబావిలో పంపు ఆపరేటర్‌ని. నేల కింద నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. అన్నింటికంటే పల్లపు చోట ఒక గుంత ఉంటుంది, దాన్ని సంపు అంటాం. పని జరిగే చోటున్న బురద నీళ్ళన్నీ కాలువలు తీసి ఆ సంపులోకి మళ్ళిస్తారు. అక్కడి నుంచి పైకి తోడి పారేయడం నా పని. ఇరవై ఏళ్ళు అదే చేశాను. నాకు నీళ్ళంటే పారేయవలసిన వస్తువు. నిలబడ్డ నీళ్ళను చూస్తే ఇప్పటికీ నా అరికాళ్ళు చల్లబడతాయి. నీళ్ళు ముంచుకొస్తుంటే మోకాళ్ళ లోతులో పరుగెత్తిన రోజు ఒకటుంది, దాని గురించి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

అందుకే నర్సరీ కాక మాట మొదట నా చెవికెక్కలేదు. ఓపెన్‌కాస్టులో తవ్వి పోసిన మట్టి గుట్టల మీద నాటే మొక్కలను పెంచే నర్సరీలో ఆయన పనిచేసేవాడు. పెద్దమనిషి. ఆదివారం చర్చికి పోయేవాడు, మిగతా ఆరు రోజులూ మొక్కలతో మాట్లాడేవాడు. నా డ్యూటీ దారిలోనే నర్సరీ, అక్కడ నీళ్ళు తాగడానికి ఆగేవాణ్ణి. అక్క బావి సంగతి చెబితే, ఏదో శిక్షణకు పోయినప్పుడు నేర్చుకున్నానని ఒక ఉపాయం చెప్పాడు.

"వాన నీళ్ళ మడి అంటరు బిడ్డా. మోరీ తెగిన కాడ, పొలం మొదట్లనే ఒక పల్లం తియ్యి. మోకాలి లోతు, అంతకన్న దిగొద్దు. అడుగున కంకర, దాని మీద ఇసుక, దాని మీద మంచి మట్టి. అండ్ల మన దిక్కు మొలిచే చెట్లు పెట్టు. తుంగ, వట్టివేరు, అంచుకు వావిలి. నీళ్ళచ్చి ఒక రోజు ఆగుతయి. బొగ్గు కిందికి కూసుంటది, నూనె గీనె మట్టి పట్టుకుంటది, నీళ్ళు మెల్లగ భూమిలకు ఇంకుతయి. మీ అక్క బాయికి తేటగ ఊరుతయి."

"నీళ్ళను ఆపుడంటె నాతోని గాదు కాకా. నేను తోడిపోసేటోణ్ణి."

"ఇరవై ఏండ్లు తోడినవు గదా. ఒక్కసారి ఆపి సూడరాదు."

వేరే దారి ఉంటే ఆ పని చేసేవాణ్ణి కాదు. లేదు కాబట్టి చేశాను. ఎండాకాలం చివర, మొదటి షిఫ్టు దిగి వచ్చాక, రోజూ సాయంత్రం దాకా నేను తవ్వేవాణ్ణి, నా భార్యా అక్కా మట్టి మోసేవాళ్ళు. నేల రాయిలా ఉంది. గడ్డపార దెబ్బకు నిప్పులు లేచేవి. కంకర, ఇసుక తెచ్చి పోశాం. కాక ఇచ్చిన తుంగ దుబ్బులు, వట్టివేరు పిలకలు తడి గోనెలో చుట్టుకుని వచ్చాను. బతుకమ్మకు అక్కరకొస్తుందని అక్క గునుగు విత్తనం కూడా చల్లింది. వావిలి కొమ్మలు ఆమే గుచ్చింది. ఆమె నాటితే ఏదైనా బతికేది, నాకంత నమ్మకం ఉండేది.

తప్పు చేసింది నేనే, అదీ ఒక్క మాటతో. మేం తవ్వుతుంటే మా క్వార్టర్ల లైనులో వాళ్ళంతా వచ్చి చూసేవాళ్ళు. మా ఎదురింటి అన్న బొగ్గుబావిలో హాలేజీ మీద పనిచేసేవాడు. బొగ్గు డబ్బాలను తాడుతో లాగే యంత్రం అది. తాడు అటు ఇటు అయితే ఎవరికి ఏమవుతుందో అని ముందే కనిపెట్టే మనిషి, ఎవరింట్లో పనైనా పిలవకుండా వచ్చి చేసేవాడు. ఆయన అడిగాడు.

"ఏంది తమ్మీ ఇది?"

వాన నీళ్ళ మడి అన్నాను. మడి అంటే వరి వేస్తావా అన్నాడు. కాదు, నీళ్ళు వడపోస్తుంది అన్నాను. మోటారు పెడతావా అన్నాడు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, "సంపు అన్నా, సంపు. నీళ్ళు ఆగే సంపు," అన్నాను. ఆయన మొహం విచ్చుకుంది. ఆ మాట ఆయనకు తెలుసు. లైనులో అందరికీ తెలుసు. మర్నాటికి అందరూ దాన్ని సంపు అనే పిలిచారు.

నా భార్యకు మాత్రం నచ్చలేదు. మా వైపు చంపమనడాన్ని కూడా సంపు అనే అంటాం. "పేరు పెట్టుడు పెట్టుడే సంపు అని పెడ్తివి. ఇగ బతుకుతదా అది?" అని నవ్వింది. అక్క కూడా నవ్వింది. ఆ వానాకాలం ముందు మేం ముగ్గురం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

మొదటి మూడు వానలకు మడి పనిచేసింది. నిజంగా పనిచేసింది. నల్ల నీళ్ళు వచ్చి నిలిచాయి. నాకు భయం వేసింది, పార పట్టుకుని గట్టు తెగ్గొడదామని లేచాను కూడా. నా భార్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మర్నాటి సాయంత్రానికి నీళ్ళు ఇంకిపోయాయి, తుంగ మొదళ్ళలో వేలెడు మందం నల్ల పొర మిగిలింది. ఆ వేలెడు మందం బొగ్గు మా అక్క బావిలో పడలేదని లెక్క వేసుకున్నాను. బావి పూర్తిగా తేటపడలేదు గాని బొక్కెన అడుగు కనిపించింది. వాన వచ్చినప్పుడల్లా బతుకుతున్నానో చస్తున్నానో తెలుస్తలేదని అనే అక్క, ఆ వారం మాత్రం ఆ మాట అనలేదు.

ఒక ఆదివారం నాకు డ్యూటీ పడింది. తిరిగి వచ్చేసరికి ఎదురింటి అన్న నలుగురితో మడి గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అందరి కాళ్ళకూ బురద. నన్ను చూసి లేచాడు. మొహమంతా సంతోషం.

"నీ సంపు మంచిగ చేసినం తమ్మీ. మోకాలి లోతుకు ఏం నీళ్ళు ఆగుతయి? నిలువు లోతు తీసినం. గడ్డి మొత్తం పీకేసినం, లేకుంటె రేపు పంపు పెడితె ఫుట్‌వాల్వ్‌కు సుట్టుకుంటది. మన లైను నాలుగిండ్ల మోరీలు గూడ అండ్లకే కలిపినం. ఇగ ఇండ్ల ముందట బురద బాధ లేదు."

పంపు గొట్టం చివర నీళ్ళు పీల్చే చోట ఫుట్‌వాల్వ్ ఉంటుంది, దానికి గడ్డి చుట్టుకుంటే పంపు ఆగిపోతుంది. సంపులో ఒక్క గడ్డిపోచ కనిపించినా షిఫ్టు పని చూసే మా ఓవర్‌మన్ నన్ను తిట్టేవాడు. బురద నీళ్ళన్నీ సంపుకే చేర్చాలి, సంపు లోతుగా ఉండాలి, శుభ్రంగా ఉండాలి. బొగ్గుబావిలో పని నేర్చిన ఏ మనిషైనా అదే చేస్తాడు. వాళ్ళు తమకున్న ఒకే ఒక సెలవు రోజు నా కోసం గడిపారు, చేతులు బొబ్బలెక్కేలా, తప్పంటూ ఒక్కటి లేకుండా చేశారు. కంకర, ఇసుక పైకి తోడి గట్టు మీద కుప్ప పోశారు. పీకిన తుంగ, వట్టివేరు ఆ పక్కనే ఎండుతున్నాయి.

అయినా నేను అరిచాను. ఏం అరిచానో పూర్తిగా గుర్తులేదు. "మిమ్ములను ఎవడు రమ్మన్నడు?" అన్నది మాత్రం గుర్తుంది. ఎదురింటి అన్న బీడీ కింద పడేసి, "సంపు అన్నవు గదా తమ్మీ," అని నెమ్మదిగా అన్నాడు. పారలు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన మా గుమ్మంలోకి రావడానికి రెండేళ్ళు పట్టింది. నేను వెళ్ళి బతిమాలి ఉంటే రెండు రోజుల్లో వచ్చేవాడు. వెళ్ళలేదు. నా బుద్ధి అంత.

సరిచేసే లోపే ముసురు పట్టింది. నిలువు లోతు గుంత నిండి, స్నానాల నీళ్ళు, సబ్బు నురగ, బండ్లు కడిగిన నూనె, బొగ్గు అన్నీ కలిసి పొర్లి అక్క బావిలో పడ్డాయి. అక్క బొక్కెనతో ఒకసారి తోడి, వాసన చూసి, నీళ్ళు అక్కడే పారబోసింది. "నల్లగ ఉన్నప్పుడే నయముండె," అంది. ఆ ఏడు ఆమె కూర మార్కెట్‌కు పోలేదు. ఆమె బసంత్‌నగర్‌లో సిమెంటు సంచులు కుట్టే పనికి పోయింది, పొద్దున బస్సెక్కితే సాయంత్రం వచ్చేది.

గుంతను మళ్ళీ పూడ్చడం, మోరీలు మళ్ళించడం, మళ్ళీ నాటడం, దానికి ఇంకో రెండు వానాకాలాలు పట్టాయి. అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఎక్కడ చూసినా రోడ్ల మీదే వంటావార్పులు, ఆటపాటల ధూంధాం. వానాకాలం చివర సమ్మె మొదలైంది. బొగ్గు ఆగింది, లారీలు ఆగాయి. మా పంపులు మాత్రం ఆగలేదు. బొగ్గుబావి మునిగితే తెలంగాణ వచ్చాక దిగడానికి బావే ఉండదని సంఘాల వాళ్ళే మమ్మల్ని లోపలికి పంపారు. గేటు దగ్గర డప్పులు కొడుతుంటే, వాళ్ళ మధ్య నుంచి తల వంచుకుని నేను డ్యూటీకి పోయేవాణ్ణి.

ఆ సమ్మెలో కురిసిన వానలకు మడిలోకి వచ్చిన నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున తుంగ వేళ్ళు కనిపించాయి. వావిలి నీలంగా పూసింది. గునుగు విరగబూసింది, లైనులో ఆడవాళ్ళంతా బతుకమ్మకు అక్కడే తెంపుకున్నారు. అక్క బావిలో ఆకాశం కనిపించింది. ఆమె చేద వేసి తోడి, దోసిట్లోకి తీసుకుని తాగింది. ఆ నీళ్ళు ఆమె తాగడం నేను ఎన్నేళ్ళ తర్వాత చూశానో! నాకు గర్వం తన్నుకొచ్చింది. నర్సరీ కాకను పిలుచుకొచ్చి గ్లాసులో నీళ్ళు పట్టి చూపించాను.

"సూడు కాకా, నీ మడి గెలిచింది."

కాక గ్లాసు తీసుకుని చూశాడు. ఆ తర్వాత ఎగువన రోడ్డు వైపు చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది, దాని మీద ఎవరో వడ్లు ఎండబోశారు. గ్లాసు తిరిగి నా చేతికిచ్చాడు. మెచ్చుకోకపోవడం నాకు నచ్చలేదు. ముసలాయనకు ఓర్వలేనితనం అనుకున్నాను.

సమ్మె ముగిసింది. ఆగిన బొగ్గంతా ఒక్కసారి కదిలింది, లారీల వెనక లారీలు. అకాల వాన ఒకటి పడింది. ఒక్కటే. మడి నిండా బూట్లు దిగబడేంత బొగ్గు బురద. తుంగ కొసలు కూడా కనిపించలేదు. తేట చేసింది మా మడి కాదు, లారీలు లేకపోవడం అని అప్పుడు తెలిసింది నాకు. తట్టలతో ఎత్తిపోశాం. ఇంకో వాన పడింది, మళ్ళీ నిండింది. "ఇది ఇండ్ల ముందటి మురికికి పనికచ్చే ఉపాయం బిడ్డా. అంత బొగ్గుకు ఇది ఆగదు. నాకు తెల్సు. సెప్పబుద్ధి గాలే," అన్నాడు కాక. ఎందుకు చెప్పలేదని ఆయన మీద కూడా అరవాలనిపించింది. ఆయన వంగి బురదలో తుంగ దుబ్బుల కోసం వెతుకుతున్నాడు, అరవలేకపోయాను.

ఆ ఎండాకాలం అక్క నన్ను పిలిపించింది. బసంత్‌నగర్ పని మానేసి మళ్ళీ కొత్తిమీర వేసింది ఆ ఏడు. సమ్మెలో తాగిన దోసెడు నీళ్ళు ఆమెను అలా నమ్మించాయి. వెళ్ళేసరికి బావి గట్టు మీద కూర్చుని ఉంది. నీళ్ళు దిగినకొద్దీ మోటారు గొట్టానికి అప్పటికే రెండుసార్లు కొత్త ముక్క అతికించాం. ఇప్పుడది గాలి పీలుస్తోంది. కిందికి తొంగి చూశాను. ఎన్నడూ బయటపడని రాతి వరసలు బయటపడ్డాయి. అడుగున మిగిలిన నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి.

"నల్లనీళ్ళంటె నాకు తెల్సు తమ్మీ, మీదికెళ్ళి అచ్చినయి. మరి ఇయ్యి ఎటు పోతున్నయి? నువ్వు నీళ్ళ పనిలోనే ఉంటివి, నువ్వే సెప్పాలె."

నాకు తెలుసు. రెండు నెలల ముందు మా బొగ్గుబావిలో కొత్తగా తెరిచిన చోట పైకప్పు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. బురద నీళ్ళు కావు, తేట నీళ్ళు. చల్లగా ఉంటే దోసిలి పట్టి మొహం కడుక్కున్నాను కూడా. ఓవర్‌మన్ ఇంకో పంపు పెట్టించాడు. ఆ చోటు ఈ పొలానికి సరిగ్గా కింద ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఇంట్లో చెప్పలేదు.

ఈసారి దాచలేదు. "నేనే గుంజుతున్న అక్కా," అన్నాను. "నీ బాయి నీళ్ళు మా బాయిలకే దిగుతున్నయి. రెండు పంపులు పెట్టి గుంజి పారబోస్తున్న."

అక్క మళ్ళీ బావిలోకి తొంగి చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"నువ్వు పంపు బంద్ జేస్తె?"

"నీళ్ళు నిండుతయి."

"నిండితె?"

"కింద మనుషులుంటరు అక్కా. షిఫ్టుకు వంద మంది దాక దిగుతరు."

"మీ ఎదురింటాయన గూడనా?"

"ఆయన గూడ."

ఆమె లేచి చీర దులుపుకుంది. "అయితె బంద్ జెయ్యకు తమ్మీ," అంది. కొత్తిమీర మడిలోకి దిగి, ఇంకా ఎదగని మొక్కలను వేళ్ళతో సహా పీకి కట్టలు కట్టడం మొదలుపెట్టింది. నేనూ వంగి పీకబోయాను, వద్దంది, డ్యూటీకి ఆలస్యమవుతుందంది. నేను రెండో షిఫ్టుకు వెళ్ళి, బొగ్గుబావిలో దిగి, రెండు పంపులూ ఆన్ చేశాను.